పోటీ లేని రోజుల సంగతి అడిగావు కదా, అల్లుడూ

పెరంబూరు, చెన్నై

అల్లుడికి,

మొన్న రాత్రి ఫోన్లో నువ్వు అడిగిన మాట రెండు రోజులుగా నన్ను నిద్రపోనివ్వడం లేదు. "మామా, బాక్సింగ్ పోటీలు లేనప్పుడు గంజాయి కొడితే రూల్స్ ప్రకారం తప్పు కాదంటగా?" అన్నావు. హాస్టల్లో ఎవరో చెప్పారన్నావు. ఎవరని నేను అడగలేదు. నువ్వు కొట్టావా అని కూడా అడగలేదు. తొందరపడి ఏదో ఒకటి అనేసి నీ నోరు మూయించడం ఇష్టం లేక ఇలా కూర్చుని రాస్తున్నాను. తిట్టడానికి కాదు, నింపాదిగా చదువు.

నీకు చెప్పినవాడు పూర్తిగా అబద్ధం చెప్పలేదు, నా భయమంతా అందుకే. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ ‘వాడా’ జాబితాలో గంజాయి, కొకైన్, హెరాయిన్, ఎండీఎంఏ (ఎక్స్‌టసీ అంటారే, అది) పోటీ సమయంలోనే నిషేధం. స్టెరాయిడ్లలా ఏడాది పొడుగునా కాదు. పోటీ సమయమంటే ముందురోజు రాత్రి 11:59 నుంచి బౌట్ అయిపోయి శాంపిల్ ఇచ్చేదాకా. ఇంతవరకు వాడి మాట నిజమే. కానీ నువ్వు ఎప్పుడు కొట్టావన్నది ల్యాబుకి అక్కర్లేదు. బౌట్ రోజు నీ మూత్రంలో ఎంత ఉందో అదే చూస్తుంది. గంజాయి మత్తు సాయంత్రానికి దిగిపోతుంది గానీ సరుకు దిగదు. కొవ్వులో చేరి, అలవాటున్నవాడి ఒంట్లోంచి వారాల తరబడి కొంచెం కొంచెంగా బయటికొస్తూ ఉంటుంది. మిల్లీలీటరుకు 150 నానోగ్రాములు దాటకూడదని హద్దు. 2013కి ముందు అది 15 మాత్రమే ఉండేది. పదింతలు పెంచారు కదా అని నువ్వు లెక్కలు కట్టుకుంటూ కూర్చోకు. ఒకే సిగరెట్టు పంచుకున్న ఇద్దరిలో కూడా లెక్క ఒకేలా ఉండదు.

దొరికితే ఏమవుతుందో కూడా తెలుసుకో. 2021లో వచ్చిన వాడా కోడ్ ఈ నాలుగింటినీ విడిగా చూస్తుంది. పోటీ బయట వాడాననీ, ఆటలో లాభం కోసం కాదనీ రుజువైతే మూడు నెలల నిషేధం. ఒప్పుకున్న చికిత్స పూర్తి చేస్తే అది ఒక నెలకి తగ్గుతుంది. కానీ రుజువు చేసుకోవాల్సింది నువ్వే. చేసుకోలేకపోతే లెక్క నెలల్లో ఉండదు, సంవత్సరాల్లోకి పోతుంది. ఆ పోటీలో గెలిచిన మెడల్ ఎలాగూ పోతుంది.

ఒక నెలే కదా అనిపిస్తుంది. అమెరికా అమ్మాయి షకారీ రిచర్డ్‌సన్ 2021 జూన్‌లో ఒలింపిక్ ట్రయల్స్ 100 మీటర్లు గెలిచింది. కన్నతల్లి చనిపోయిందని ఆ రోజుల్లోనే తెలిసింది, ఆ దుఃఖంలో గంజాయి తాగింది. పడింది ఒక్క నెల నిషేధమే. గెలిచిన ఫలితం కొట్టేశారు, టోక్యోలో ఆ పరుగు పోయింది. ఆ పిల్ల ముఖం టీవీలో చూసినప్పుడు నాకు నువ్వే గుర్తొచ్చావు.

పంజరంలో ఫైట్లు పెట్టే అమెరికా సంస్థ యూఎఫ్‌సీ వాళ్లు వదిలేశారు కదా అంటావేమో. నిజమే, 2023 చివర్లో వాళ్ల జాబితాలోంచి గంజాయిని తీసేశారు. అది వాళ్ల సొంత ఏర్పాటు. నువ్వు ఆడేది ఫెడరేషన్ బాక్సింగ్, నిన్ను పరీక్షించేది మన దేశపు డోపింగ్ నిరోధక సంస్థ నాడా, వాళ్లు నడిచేది వాడా కోడ్ మీద. పైగా అలాంటి ఫైట్లలో కూడా ముందు ఎంతమంది నష్టపోయారో చూడు. 2007లో లాస్ వేగాస్‌లో నిక్ డియాజ్ టకనోరి గోమీని ఓడించాడు. అలాంటి గెలుపు ఏ ఫైటర్‌కైనా జీవితంలో ఒక్కసారి వస్తుంది. గంజాయి పరీక్షలో అక్కడి హద్దు 50 అయితే అతనికి 175 వచ్చింది. ఆ గెలుపును రికార్డులోంచి తీసేసి ఫలితం లేదని రాశారు. యూఎఫ్‌సీ చాంపియన్ జాన్ జోన్స్‌కి 2014 డిసెంబర్‌లో పోటీ బయట పరీక్షలో కొకైన్ ఆనవాళ్లు దొరికాయి. పోటీ బయట కాబట్టి నిషేధం లేదు, జనవరిలో ఫైట్ ఆడాడు, గెలిచాడు కూడా. మీ హాస్టల్ వాడు చెప్పే రూలు అచ్చం అదే. ఆ ఏప్రిల్‌లోనే కారుతో ఢీకొట్టి అక్కణ్ణుంచి వెళ్లిపోయాడు, బెల్టు ఊడింది. రూలు అతణ్ణి ఆపలేదు, కాపాడనూ లేదు.

ఇప్పుడు నేను ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెప్తాను. మీ అమ్మకి కూడా తెలియదు.

నాకు ఇరవై రెండేళ్లప్పుడు రాయపురం వైపు ఒక హాల్లో ప్రాక్టీస్ చేసేవాళ్లం. నాతో రోజూ స్పారింగ్, అంటే ప్రాక్టీసు ఫైట్, చేసే కుర్రాడు ఒకడుండేవాడు. నాకంటే మంచి బాక్సర్. ఎడమ చెయ్యి కొట్టి మళ్లీ దవడ పక్కకి వచ్చేస్తే మధ్యలో గాలి కూడా దూరేది కాదు. ఆ రోజు వాడి హెడ్‌గార్డ్ పట్టీ నేనే బిగించాను. బిగిస్తుంటే వాసన వచ్చింది. నవ్వాడు. నేనూ నవ్వి ఊరుకున్నాను. రెండో రౌండ్‌లో వాడి ఎడమ చెయ్యి కొట్టి వెనక్కి వచ్చింది గానీ దవడ దగ్గరికి రాలేదు, ఛాతీ దగ్గరే ఆగిపోయింది. నా కుడి చెయ్యి అప్పటికే బయల్దేరింది. పడ్డాడు, వెంటనే లేచాడు, బాగానే ఉన్నానన్నాడు. అరగంట తర్వాత బెంచీ మీద కూర్చుని చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్నాడు. బొత్తాం పట్టుకుంటున్నాడు, కాజా కనిపిస్తోంది, రెండూ కలవడం లేదు. తలలో రక్తం కారిందని ఆసుపత్రిలో చెప్పారు. బతికాడు. మాట మాత్రం ఇప్పటికీ ముద్దముద్దగానే వస్తుంది. కొట్టిన చెయ్యి నాది. వాసన తెలిసి కూడా కోచ్‌కి చెప్పనిది నేనే.

పరుగు పందెంలో మత్తులో ఉన్నవాడు ఓడిపోతాడు. మన ఆటలో అవతలివాడి గుద్దు నీ తలకి తగులుతుంది. 1980లో మహమ్మద్ అలీ ఇక్కడి నెహ్రూ స్టేడియంలో జిమ్మీ ఎల్లిస్‌తో ఎగ్జిబిషన్ ఆడినప్పుడు మా నాన్న నన్ను తీసుకెళ్లాడు. నాకు గుర్తున్నదల్లా గుద్దు రాకముందే తల పక్కకి జరగడం. ఆ రెప్పపాటు కోసమే మనం ఏళ్ల తరబడి తాడాట ఆడేది. గంజాయి ముందు తినేసేది దాన్నే.

కొకైన్, ఎండీఎంఏ ఇంకా చేటు. బరువు దించడానికి మీరు నీళ్లు మానేసి, స్వెట్ సూట్ వేసుకుని పరిగెత్తుతారు. అప్పటికే గుండె మీద భారం ఉంటుంది. కొకైన్ రక్తనాళాలను బిగించి గుండెను పరిగెత్తిస్తుంది. మద్యంతో కలిస్తే ఒంట్లో ఇంకో విషం తయారవుతుంది. ఎండీఎంఏ ఒంటి వేడిని పెంచేస్తుంది. మే నెల చెన్నైలో, నీళ్లు లేని ఒంట్లో ఆ వేడి ఎటు పోతుంది చెప్పు. ఇవన్నీ నొప్పిని కూడా దాచేస్తాయి. నొప్పి తెలియకపోతే చెయ్యి ఎప్పుడు ఎత్తి ఆపమనాలో నీకు తెలియదు.

నొప్పి మాత్రలు కూడా చూసి వేసుకో. ట్రమడాల్ 2024 జనవరి నుంచి పోటీ సమయంలో నిషేధం. బరువు దిగడానికి ఒంట్లో నీరు తీసే మాత్ర ఎవరైనా ఇస్తే అసలు ముట్టుకోకు, అది ఏడాది పొడుగునా నిషేధం. హోలీకి సౌకార్‌పేటలో భంగు కలిపిన ఠండాయి ఇస్తారు. భంగు ఆకు మాదకద్రవ్యాల చట్టం నిర్వచనంలోకి రాదని చెప్తారు, అది నిజమే, కానీ మూత్రంలో తేలేది అదే గంజాయి పదార్థం. గసగసాల్లో కూడా మార్ఫిన్ ఆనవాళ్లుంటాయి. బౌట్‌కి ముందు రెండు రోజులు గసగసాలు వేసి నూరిన కూరలు, పాయసాలు వద్దు.

ఇంకొకటి గట్టిగా గుర్తుపెట్టుకో. బౌట్ అయ్యాక శాంపిల్‌కి పిలిస్తే భయపడి జారుకోవద్దు. పారిపోతే, ఇవ్వనంటే, నాలుగేళ్లదాకా పడుతుంది. నెలతో పోయేదాన్ని నాలుగేళ్లు చేసుకున్నట్టు. వెంట ఒక మనిషిని పెడతారు, వాళ్ల కళ్లెదుటే ఉండు. మూత్రం 90 మిల్లీలీటర్లు రావాలి, రాకపోతే టైమ్ పడుతుంది, టెన్షన్ పడకు. సీసా నువ్వే ఎంచుకో, సీలు నువ్వే చూసుకో, ఏడు రోజుల్లో వేసుకున్న ప్రతి మాత్రా ఫారంలో రాయించు. నీ గదిలోని ఇంకో ఆటగాడికి నువ్వు పొట్లం అందించావని తేలితే అది వేరే నేరం, నాలుగేళ్ల నుంచి జీవితాంతం దాకా ఉంటుంది. క్రీడల రూలు ఏమన్నా 1985 మాదకద్రవ్యాల చట్టం ప్రకారం వాడటం కూడా నేరమే. స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న నీకు పోలీసు కేసంటే ఏంటో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక నువ్వు ఇప్పటికే కొట్టి ఉంటే. ఒకసారో, పదిసార్లో, నాకు లెక్క వద్దు. ముందు స్పారింగ్ ఆపెయ్. ఈ నెల స్టేట్ మీట్‌కి పేరు ఇవ్వకు, కోచ్ గారితో నేను మాట్లాడతాను. మానడం నీ వల్ల కావడం లేదనిపిస్తే ఇందిరానగర్‌లో టీటీకే ఆసుపత్రి ఉంది. శాంతి రంగనాథన్ గారు భర్తను తాగుడుకి పోగొట్టుకున్నాక 1980లో మొదలుపెట్టారు. నేను పక్కన కూర్చుంటాను. ముందు నాతో కూడా చెప్పలేననుకుంటే 14446కి ఫోన్ చెయ్యి, డబ్బులు కట్టక్కర్లేదు. హెవీవెయిట్ బాక్సింగ్ చాంపియన్ టైసన్ ఫ్యూరీ 2016లో కొకైన్, డిప్రెషన్‌లో పడి బెల్టులన్నీ వదిలేశాడు. సహాయం అడిగాడు. 2020లో డియోంటే వైల్డర్‌ని కొట్టి మళ్లీ చాంపియన్ అయ్యాడు.

ఆదివారం పొద్దున్నే రా. గ్లవ్స్ తేవద్దు, షూస్ చాలు. అయిదున్నరకి పెరంబూరు స్టేషన్ బయట నిలబడి ఉంటాను. మీ అమ్మకి ఏం చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో, నడుస్తూ మాట్లాడుకుందాం.

నీ మామ