ఏనుగు మెడ దాకా వచ్చిన చోటు

‘ఎలిఫెంట్ బాయ్’ (1937) లాంటి పాత జంతు సాహస సినిమాల్లో మనవాళ్లకు సరైన చోటు దక్కిందా అని అడిగారు. దక్కింది, కానీ ఏనుగు మెడ దాకానే.

ఈ సినిమాలో తూమాయి అనే పిల్లవాడిగా నటించిన సాబు, మైసూరు సంస్థానంలో కబిని ఒడ్డున ఉన్న కారాపురలో పుట్టిన మావటి కొడుకు. బయటి దృశ్యాలు రాబర్ట్ ఫ్లాహర్టీ మైసూరులో తీశాడు. మిగతాది జోల్టాన్ కోర్డా ఇంగ్లండులోని డెన్‌హామ్ స్టూడియోలో తీశాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. తూమాయి తండ్రిగా డబ్ల్యూ.ఈ. హాలోవే, మాచువా అప్పగా అలన్ జీస్, దుర్మార్గపు మావటి రామ్‌లాల్‌గా బ్రూస్ గోర్డన్. ముగ్గురూ రంగు పూసుకున్న తెల్ల నటులే. అందుకే తెర మీద ముఖాలు లెక్కపెడితే లెక్క తప్పుతుంది. నలుపు తెలుపు ఫిల్ములో ఆ పూత ఇట్టే కలిసిపోతుంది.

రెండుసార్లు చూడండి, ఎలాగూ గంటా ఇరవై నిమిషాల సినిమానే. మొదటిసారి సౌండు తీసేసి కాళ్లు మాత్రమే చూడండి. మావటి ఏనుగు మెడ మీద కూర్చుని, చెవుల వెనక కాలివేళ్లతో నొక్కుతూ దాన్ని తిప్పుతాడు. సాబు పట్టు చూడండి, కూర్చున్న తీరు చూడండి. పుట్టి పెరిగిన విద్య అది, ఏ స్టూడియోలోనూ నేర్పలేరు. రెండోసారి సౌండు పెట్టి, ఎవరు ఆజ్ఞాపిస్తున్నారు, ఎవరు పాటిస్తున్నారు అని కాగితం మీద రాసుకోండి. తూమాయి తండ్రిని పులి చంపాక వాళ్ల ఏనుగు కాలా నాగ్‌ను రామ్‌లాల్ చేతికిచ్చేది, ఏనుగుల వేట నడిపే తెల్లవాడు పీటర్సన్ దొర. కొట్టి హింసించే పాపం మనవాడికి అంటగట్టారు, పెద్దరికం దొరకు ఇచ్చారు. దొర వెతుకుతున్న అడవి ఏనుగుల మంద ఎక్కడుందో కనిపెట్టింది మాత్రం పిల్లవాడే!

“ఆ రోజుల్లో అంతేలెండి” అంటారు కొందరు. నాకు ఒళ్లు మండే మాట ఇది. మైసూరులో మావటీలకేం కొదవ? ఇంగ్లీషు రాదంటారా, సాబుకు మాత్రం వచ్చా? నేర్పించుకున్నారు. పిల్లవాడికి నేర్పినవాళ్లు ఇంకో ఇద్దరికి నేర్పలేకపోయారా? ఇక ఆడవాళ్ల సంగతి ఎత్తకపోవడమే మేలు, చెప్పుకోదగ్గ పాత్ర ఒక్కటీ లేదు.

ఆ వెంటనే 1942 నాటి ‘జంగిల్ బుక్’ పెట్టండి. కాలిఫోర్నియాలో తీసిన రంగుల సినిమా. సాబు మౌగ్లీ. వాడి తల్లి మెస్సువా అమెరికన్ నటి రోజ్‌మేరీ డికాంప్, ముసలి బల్దేవ్ మాల్టాలో పుట్టిన జోసెఫ్ కల్లేయా. అది టెక్నికలర్ కాబట్టి పూత తెలిసిపోతుంది. తల్లీకొడుకులు పక్కపక్కన నిలబడిన చోట ఆపి, ఇద్దరి చేతులూ చూడండి. పిల్లలు పక్కన ఉంటే వాళ్లనే చూడమనండి. కబిని ఒడ్డు నుంచి వచ్చినవాడు ఎవరో వాళ్లే చెప్తారు.