పణిక్కర్ చిత్రాల్లోని రాతలను చదవాలా, చూడాలా?

ప్రశ్న: కె.సి.ఎస్. పణిక్కర్ వేసిన 'వర్డ్స్ అండ్ సింబల్స్' చిత్రాల నిండా ఏవో రాతలు, జాతక చక్రాల్లాంటి గడులు, చేపలు, పాములు కనిపిస్తాయి. వాటి అర్థం తెలియకుండా చూస్తే ప్రయోజనం ఉంటుందా? చేప అంటే మీన రాశి అనుకోవాలా?

జవాబు:

నేను కూడా సరిగ్గా ఇక్కడే ఆగిపోయాను, అందుకే రాస్తున్నాను. తిరువనంతపురంలో మ్యూజియం ఆవరణలోనే పణిక్కర్ గారి పేరుతో ఒక గ్యాలరీ ఉంది. కొన్నేళ్ళ క్రితం ఉద్యోగం పని మీద అక్కడికి వెళ్ళినప్పుడు ఒక మధ్యాహ్నం తీరిక దొరికింది. ఒక మలయాళీ మిత్రుణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాను.

ఆ వరుసలోని ఒక చిత్రం ముందు చాలాసేపు నిలబడ్డాను. వెనక రంగు పాతబడిన కాగితంలా ఉంది. దాని మీద పై నుంచి కింది దాకా సన్నని గీతలతో రాత. మధ్యమధ్య గళ్ళు, ఒక త్రిభుజం, అక్కడక్కడా చిన్న ఎరుపు మచ్చ. వెలుగునీడలు లేవు. ఇది ముందుంది, అది వెనకుంది అనడానికి లేదు. చూపు వెళ్ళి నిలవాల్సిన కేంద్రం కూడా లేదు. రాత మలయాళంలా ఉంది కదా అని మిత్రుణ్ణి చదవమన్నాను. ఆయన దగ్గరికి వెళ్ళి ఒక అక్షరం పట్టుకున్నాడు, రెండోది కూడా పట్టుకున్నాడు. ఆపైన గీత ఎటో వెళ్ళిపోయింది. మాటగా కుదరడం లేదన్నాడు. మరో చోట ప్రయత్నించాడు, అక్కడా అంతే. పుట్టినప్పటి నుంచి ఆ లిపి మధ్య పెరిగిన మనిషికి, అందులో ఓనమాలు కూడా రాని నాకు, ఆ చిత్రం ముందు తేడా లేకుండా పోయింది.

ఆ క్షణంలో నాకు మా నాయనమ్మ గుర్తుకొచ్చింది.

మా తాతయ్య ఊళ్ళో బడిపంతులు. కొంత జ్యోతిషం కూడా తెలుసు. చుట్టుపక్కల ఎవరింట బిడ్డ పుట్టినా జాతకం రాసిచ్చేవారు. మా ఇంటి పిల్లలందరి జాతకాలూ ఒక ఎర్ర గుడ్డలో కట్టి పెట్టెలో దాచేవారు. నాయనమ్మకు చదువు రాదు. అయినా ఎవరి జాతకం కావాలన్నా మూట విప్పి, ఒక్కొక్క కాగితాన్నీ కళ్ళకద్దుకుంటూ పక్కన పెట్టి, సరైనదే తీసి ఇచ్చేది. ఎలా తెలుస్తుందని ఒకసారి అడిగాను. రాశిచక్రంలో కుడివైపు పై గడి చూపించి, "ఈ మూల మూడు చీమలున్నదే నీది" అంది. ఆ గడి మిథునం. అందులో ర, బు, శు అని రాసి ఉంది. రవి, బుధుడు, శుక్రుడు. నాకు గ్రహాలు కనిపించిన చోట ఆమెకు మూడు చీమలు కనిపించాయి. నేను చదువుతున్నాను, ఆమె చూస్తోంది. మధ్యలో ఖాళీగా వదిలిన చతురస్రం, దాని చుట్టూ పన్నెండు గళ్ళు, ఒకచోట గుంపుగా, ఒకచోట విడిగా నల్లని గుర్తులు. ఆ కాగితాన్ని మా ఇంట్లో చిత్రంగా చూసింది ఆమె ఒక్కతే.

పణిక్కర్ మనల్ని ఆమె ఉన్న చోటికి తీసుకెళ్తున్నారని నా నమ్మకం. ఆ రాత మాటగా కుదిరి ఉంటే నేను దాన్ని చదివేసి, అర్థం జేబులో వేసుకుని పక్క చిత్రం దగ్గరికి నడిచేవాణ్ణి. చదవనివ్వలేదు కాబట్టే గీత వంపు కనిపించింది, ఒక గడికీ మరో గడికీ మధ్య ఎంత చోటు వదిలారో కనిపించింది.

ఆయన ఇక్కడికి ఒక్కసారిగా రాలేదు. 1911లో కోయంబత్తూరులో పుట్టారు. మద్రాసు ప్రభుత్వ చిత్రకళా కళాశాలలో శిల్పి, చిత్రకారుడు దేవీప్రసాద్ రాయ్ చౌధురి గారి దగ్గర చదువుకుని, తరవాత 1957 నుంచి పదేళ్ళు అదే కళాశాలకు ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. అంతకుముందు నీటిరంగుల్లో ప్రకృతి దృశ్యాలు వేశారు, మనుషుల బొమ్మలు వేశారు. ఐరోపా చూసి వచ్చారు. అక్కడి ఆధునికతను అరువు తెచ్చుకోకుండా, ఇక్కడి పాత బొమ్మలను తిరిగి వేసుకుంటూ కూర్చోకుండా, ఆధునికంగా ఉండటం ఎలా అన్నది ఆ తరం చిత్రకారులను వేధించిన ప్రశ్న. 1963 ప్రాంతంలో ఆయన పట్టుకున్న దారి ఈ రాత. మొదట్లో లెక్కల గుర్తులు, అంకెలు వాడారు. తరవాత మలయాళ లిపి పోలికలు, జాతక చక్రాలు వచ్చి చేరాయి. మన ప్రాంతంలో దేవుడి బొమ్మ లేని ఇల్లు ఉండవచ్చునేమో గానీ, పంచాంగమో జాతకమో ఏదో ఒక గళ్ళ కాగితం లేని ఇల్లు ఆ రోజుల్లో అరుదు. దాన్ని కళగా ఎవరూ లెక్కపెట్టలేదు. ఆయన చూపు అక్కడ పడటమే నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపిస్తుంది.

ఇక చేప సంగతి. మీన రాశి అనుకోవద్దని నేను గట్టిగా చెబుతాను. చేపకు మీనం, పాముకు కుండలిని, త్రిభుజానికి శక్తి అంటూ పట్టిక వేసుకుని ఈ చిత్రాలను విప్పాలని చూసేవారు ఉన్నారు. ఆ పద్ధతి తంత్ర సంప్రదాయాన్ని నిష్ఠగా అనుసరించి పూజ కోసం గీసిన యంత్రాలకు సరిపోతుంది. అక్కడ ప్రతి గీతకూ శాస్త్రం ఉంటుంది. పణిక్కర్ జాతకం రాయడం లేదు, జాతకం రాసిన కాగితం రూపాన్ని తీసుకుంటున్నారు. చేప ఆ గీతల మధ్య మరో గీతగా ఉంది, అంతవరకే. దాన్ని చూసి మీకు మీనమే గుర్తొస్తే తప్పులేదు, కానీ అది తాళంచెవి కాదు.

ఈ దారిలో ఆయన ఒక్కరే నడవలేదు. కరీంనగర్ ప్రాంతంలో పుట్టిన మన పి.టి. రెడ్డి గారు కూడా తాంత్రిక చిహ్నాలను ఆధునిక చిత్రంలోకి తెచ్చారు. ఆయన గురించి విడిగా రాయాలి, ఇక్కడ రెండు ముక్కల్లో తేల్చడం న్యాయం కాదు.

చూడటానికి వెళ్తే ఒక పని చేయండి. ముందు పది అడుగుల దూరంలో నిలబడండి. ఫోను తీయకండి, పక్కన ఉన్న చీటీ చదవకండి. రాత ఎక్కడ చిక్కగా ఉంది, ఎక్కడ పలచబడింది, ఖాళీ ఎక్కడ వదిలారు అన్నది మాత్రమే చూడండి. తరవాత మెల్లగా దగ్గరికి వెళ్ళండి. కుంచె ఎత్తకుండా లాగిన గీత ఏదో, ఆగి మళ్ళీ మొదలైన గీత ఏదో తెలుస్తుంది. తిరువనంతపురం దూరమైతే చెన్నై వెళ్ళండి. 1966లో పణిక్కర్, ఆయన శిష్యులు కలిసి మహాబలిపురం దారిలో సొంతంగా కట్టుకున్న చోళమండలం కళాకారుల గ్రామం ఇప్పటికీ ఉంది. బాతిక్ (మైనం అద్దకం) బట్టలూ చేతిపనులూ అమ్మి, ఆ డబ్బుతో నిలబడిన చోటు అది. అక్కడి మ్యూజియంలో ఆ తరం మద్రాసు కళాకారుల పని చూడవచ్చు.

మలయాళం వచ్చిన స్నేహితులుంటే తప్పకుండా తీసుకెళ్ళండి. రెండో అక్షరం దాటాక వాళ్ళ వేలు గాలిలో ఎక్కడ ఆగుతుందో గమనించండి.