ఇంజనీరింగ్ చదివి పెయింట్ పనా?

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ చివరి సంవత్సరం. సముద్రంలో నిలబెట్టే గాలిమరలకు తుప్పు పట్టకుండా వేసే కోటింగ్‌ల రంగంలోకి వెళ్తానంటున్నాడు. వాడి స్నేహితులంతా రెన్యువబుల్ ఎనర్జీలో మాస్టర్స్‌కి వెళ్తున్నారు. ఇంత చదివించింది పెయింట్ పనికా? రెండింట్లో ఏది మేలు?

జవాబు: ఈ మాట మీ అబ్బాయి ముందు కూడా అన్నారా? అని ఉంటే, ముందు వాడితో మాట్లాడి సర్దుకోండి. నలుగురు అడిగితే ఏం చెప్పుకోవాలన్నదే మీ అసలు టెన్షన్. దానికోసం పిల్లాడి ఇష్టాన్ని చిన్నబుచ్చకండి.

ఆ పనేంటో చూడండి. నీళ్లలో పూర్తిగా మునిగిన ఉక్కును కాథోడిక్ ప్రొటెక్షన్, అంటే చిన్న కరెంటుతో తుప్పును ఆపే పద్ధతి, కాపాడుతుంది. అలలు ఎగిసిపడే చోట ఉక్కు తడుస్తూ ఆరుతూ ఉంటుంది, ఉప్పు పేరుకుంటుంది, ఆక్సిజన్‌కి కొదవుండదు. అక్కడ కాథోడిక్ రక్షణ నిలకడగా అందదు కాబట్టి కోటింగే దిక్కు. అందుకే ఉక్కును పెయింట్‌తో తుప్పు నుంచి కాపాడే పద్ధతులు చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 12944లో సముద్ర కట్టడాలకు 2018లో ప్రత్యేకంగా తొమ్మిదో భాగం తెచ్చారు.

పెయింట్ వేసే ముందు ఉక్కు ఉష్ణోగ్రత డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రత) కన్నా కనీసం 3 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ ఉందో లేదో కోటింగ్ ఇన్‌స్పెక్టర్ కొలుస్తాడు. లేకపోతే కంటికి ఆనని చెమ్మ మీద ఎపాక్సీ పెయింట్ పడి, తర్వాత పొర ఊడొస్తుంది. యార్డులో అయితే మళ్లీ బ్లాస్టింగ్ చేసి, అంటే గరుకు రేణువులను వేగంగా చిమ్మి ఉక్కును శుభ్రం చేసి, సరిదిద్దుకోవచ్చు. సముద్రంలో అయితే ఓడ కావాలి, తాళ్ల మీద వేలాడుతూ పనిచేసే మనుషులు కావాలి, గాలి తగ్గే రోజు కోసం కాచుకోవాలి. అందరూ తొందరపెడుతున్నా "ఇవాళ వేయొద్దు" అని సంతకం ఆపే బాధ్యత అతనిదే. ఇందులో చిన్నతనం ఎక్కడుంది?

ఇక ఆ మాస్టర్స్. సోలార్, విండ్, హైడ్రోజన్, పాలసీ తలా కొంచెం రుచి చూపించి పంపే కోర్సులంటే నాకు భయం. "నీకు గట్టిగా వచ్చిందేమిటి?" అంటే నీళ్లు నమిలిన పిల్లల్ని చాలామందిని చూశాను. మెటీరియల్స్, స్ట్రక్చర్లు లోతుగా చెప్పే కోర్సయితే సరే, చేర్పించండి. పేరులో గ్రీన్ ఉందని మాత్రం అప్పు చేయకండి.

గాలిమరల ప్రాజెక్టులు మందగిస్తే ఎలా అనే బెంగ వద్దు. ఓడలు, వంతెనలు, పైప్‌లైన్లు, ట్యాంకులు అన్నిటికీ తుప్పు శత్రువే, ఈ విద్య అక్కడా పనికొస్తుంది. కష్టం మాత్రం ఉంది: దుమ్ము, చప్పుడు, రాత్రి షిఫ్టులు, ఇంటికి దూరం. అందుకే యాంప్ (AMPP) లేదా ఫ్రోసియో (FROSIO) సంస్థలిచ్చే కోటింగ్ ఇన్‌స్పెక్టర్ సర్టిఫికేషన్‌కి ఫీజు కట్టేముందు, ఒక బ్లాస్టింగ్ యార్డులో రెండు వారాలు వాణ్ని ఉండనివ్వండి. తిరిగొచ్చాక ఏం చూశాడో అడిగి, మధ్యలో అడ్డు తగలకుండా వినండి.