స్లాబ్ డ్రిల్లింగ్‌లో భుజాలు పట్టేయడం గురించి

మీరు రాసిన లక్షణాలు (ఫాల్స్ సీలింగ్‌కి రోజంతా స్లాబ్‌కి రంధ్రాలు, మధ్యాహ్నానికి భుజం లాగడం, చెయ్యి వణకడం) బలం లేక వచ్చేవి కావు. చెయ్యి పైకెత్తి అలాగే ఉంచితే కండరం బిగుసుకునే ఉంటుంది, దానిలోకి రక్తం సరిగా పారదు. మూడు కిలోల హ్యామర్ డ్రిల్‌ని చేతులు చాచి పట్టుకుంటే, కాసేపటికే అలసట మొదలవుతుంది.

ముందు స్టూల్ మానేసి, చక్రాలకు బ్రేకున్న మొబైల్ స్కాఫోల్డ్ (తోసుకెళ్లే పరంజా) తీసుకోండి. బిట్ (రంధ్రం చేసే పుల్ల) స్లాబ్‌కి ఆనినప్పుడు డ్రిల్ పిడి మీ గడ్డం ఎత్తులో, మోచేతులు మడిచి ఒంటికి దగ్గరగా ఉండాలి. మరీ ఎత్తుకు ఎక్కితే మెడ వెనక్కి వాలి, నొప్పి అక్కడికి చేరుతుంది.

రంధ్రాలు వందల్లో ఉంటే కింద పాదం, పైన డ్రిల్ బిగించే నిలువు స్టాండ్ కొనండి. బరువు, తోపుడు రెండూ నేల మీదికి పోతాయి. కర్రకి డ్రిల్ కట్టే జుగాడ్ మాత్రం వద్దు: బిట్ స్లాబ్‌లోని ఇనుప కడ్డీకి తగిలి ఇరుక్కుంటే మొత్తం గిర్రున తిరుగుతుంది.

బిట్ కూడా చూడండి. కొన అరిగితే తెలియకుండానే ఎక్కువ నొక్కుతారు. ఎం8 డ్రాప్‌ఇన్ యాంకర్‌కి (8 మిల్లీమీటర్ల బోల్టు పట్టేలా రంధ్రంలో దిగగొట్టే లోహపు గొట్టం) 10 మిల్లీమీటర్ల బిట్ చాలు, లోతు గేజ్ పెట్టుకోండి.

ఇరవై నిమిషాలకోసారి కిందున్నవాళ్లతో పని మార్చుకోండి. కళ్లద్దాలు, డస్ట్ మాస్క్ ఎలాగూ తప్పవు. రాత్రి భుజం నొప్పితో మెలకువ వస్తున్నా, వేళ్లు తిమ్మిరెక్కుతున్నా ఎముకల డాక్టర్‌కి చూపించండి; బామ్ రాసుకుంటూ నెట్టుకురావద్దు.