జూన్ మొదటి వారంలో గ్లేసియర్ పార్కు కొండ రోడ్డు తెరుస్తారా అని అడిగిన రాజోలు వారికి

మీ ప్రశ్న చూశానండి. మే నెలాఖరుకి సియాటిల్‌లో అబ్బాయి దగ్గరికి చేరతాం, జూన్ మొదటి వారంలో వాడు ఇల్లులాంటి పెద్ద బండి, అదే ఆర్‌వీ, అద్దెకు తీసుకుని మోంటానాలోని గ్లేసియర్ నేషనల్ పార్కుకి తీసుకెళ్తానంటున్నాడు, అక్కడి గోయింగ్ టు ది సన్ రోడ్ అప్పటికి తెరిచి ఉంటుందా, ఒక్కోచోట ఒక్కో తారీకు కనిపిస్తోంది, ఏది నమ్మాలి అన్నారు. సూటిగా చెప్పేస్తాను, ఏ తారీకూ నమ్మకండి. జూన్ మొదటి వారానికి ఆ రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరకి తెరిచి ఉండటం చాలా అరుదు. మామూలుగా జూన్ చివర్లోనో జూలై మొదటి పదిహేను రోజుల్లోనో తెరుస్తారు. మేం 2022 జూన్ చివర్లో వెళ్లి కూడా గేటు చూసి వెనక్కి తిరిగాం.

మాది అంబాజీపేట. అమ్మాయి, అల్లుడు సియాటిల్ పక్కన ఉంటారు. ఆ ఏడు మా అల్లుడు జనవరిలోనే ప్లాన్ వేసేశాడు, మొదటి రాత్రి పార్కుకి పడమర వైపు, రెండో రాత్రి తూర్పున సెయింట్ మేరీ అనే చిన్న ఊళ్లో, మధ్యలో యాభై మైళ్ల కొండ రోడ్డు మీద పగలంతా ఆగుతూ చూసుకుంటూ వెళ్లడం. ఎక్కడో ‘జూన్ చివరికల్లా తెరుస్తారు’ అని చదివి అదే పట్టుకున్నాడు. పైగా రెండో రాత్రి బస కాస్త చవగ్గా వస్తోందని, రద్దు చేసుకుంటే డబ్బులు వెనక్కి ఇవ్వని రకం బుక్ చేశాడు. తీరా వెళ్తే పడమర గేటు నుంచి పదిహేను మైళ్ల దాకా, అవలాంచ్ క్రీక్ అనే చోటు వరకే కార్లను పోనిస్తున్నారు. అక్కడ రోడ్డుకి అడ్డంగా గేటు. ఎండ ఫెళ్లున కాస్తోంది, కింద చుక్క మంచు లేదు, చొక్కా చేతులు మడుచుకుని తిరుగుతున్నారు జనం. మా ఆయన దిగి ఆ గేటు దగ్గరికి వెళ్లి అటూ ఇటూ చూసి, “మంచేదే?” అన్నారు. అల్లుడు తలెత్తి పైకి చూపించాడు పాపం.

నేను చేసిన పొరపాటు ఏంటంటే, అంతవరకూ మన కాలువల లెక్కలో ఆలోచించాను. మనకి వేసవిలో కాలువలు కట్టేస్తారు, పూడికలు తీస్తారు, జూన్‌లో మళ్లీ నీళ్లు వదులుతారు. ఎప్పుడు వదిలేదీ పేపర్లో ముందే వస్తుంది, వారం అటూ ఇటూ అయినా నీళ్లొస్తాయి. ఆ రోడ్డు గేటు కూడా అలాగే ఎవరో ఒక రోజు చూసి తీస్తారనుకున్నా. అక్కడ నడిచేది వరద లెక్కండి. గోదారి ఎగదన్నినప్పుడు నరసాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు ఆపేస్తారు కదా, మళ్లీ ఎప్పుడు వేస్తారని రేవులో ఎవర్నైనా అడిగి చూడండి, “తగ్గాక” అంటారు. అంతకు మించి వాళ్లు మాత్రం ఏం చెప్పగలరు? మీకు కనిపించే తారీకులన్నీ పోయిన ఏళ్లలో తెరిచినవి, ఈ ఏడాదికి మాట ఇచ్చినవి కావు.

అక్కడో రేంజర్ అమ్మాయి నిలబడి ఉంటే, మా అమ్మాయిని పక్కన పెట్టుకుని నా సందేహాలన్నీ అడిగాను. మంచేగా, రెండు పెద్ద బండ్లు పెట్టి పక్కకి తోసేస్తే పోలేదా అన్నాను. ఓపిగ్గా చెప్పింది. ఏప్రిల్ మొదట్లోనే తవ్వడం మొదలుపెడతారట. రోడ్డు కొండ అంచున చెక్కినట్టు ఉంటుంది, పైన లోగన్ పాస్ అనే కనుమ దగ్గర ఎత్తు 6,646 అడుగులు. ఆ కనుమ దాటాక తూర్పు వైపున ‘బిగ్ డ్రిఫ్ట్’ అని ఒక చోటు ఉంది, కొన్నేళ్లు అక్కడ మంచు 80 అడుగుల లోతు పేరుకుంటుంది. ఎనభై అడుగులంటే మన తోటల్లో ఎక్కేవాడు భయపడే ముదురు కొబ్బరిచెట్టు మొవ్వు దాకా అన్నమాట. అది తవ్వాలి. తవ్వుతుండగా పై నుంచి మంచు చరియలు దిగుతాయి, నిన్న శుభ్రం చేసిన ముక్క ఇవాళ మళ్లీ పూడిపోతుంది. ఎండ ఎక్కువ కాస్తే ఆ చరియలు ఇంకా జారతాయి కాబట్టి కింద మనకి ఎండ కాసిందంటే పైన పని తేలికైందని కాదు. నాకు బాగా గుర్తుండిపోయింది ఇంకోటి ఉంది. చరియలు దిగే చోట్ల లోయ వైపు అడ్డంగా పెట్టిన దుంగల్ని ఏటా చలికాలం ముందు ఊడదీసి దాచేస్తారట, లేకపోతే మంచు వాటిని కూడా ఈడ్చుకుపోతుందని. మంచు తీశాక అవన్నీ మళ్లీ ఒక్కొక్కటే బిగించాలి, మంచినీళ్ల పైపులూ మరుగుదొడ్లూ చూసుకోవాలి, అప్పుడు గానీ గేటు తియ్యరు. ఇదంతా విన్నాక మా ఆయన గేటు మీద కోపం మానేశారు. నేను సంచిలోంచి ఆత్రేయపురం పూతరేకుల పొట్లం తీసి ఆ అమ్మాయికి ఇవ్వబోతే మా అమ్మాయి చెయ్యి పట్టుకుని లాగేసింది, డ్యూటీలో ఉన్నవాళ్లకి అలా ఇవ్వకూడదమ్మా అని. ఏమోనండి, నాకు ఇప్పటికీ చిన్నతనంగానే ఉంది.

అయితే మా రోజు పాడవ్వలేదు, అది కూడా చెప్పాలి. అవలాంచ్ క్రీక్ దగ్గర పెద్ద పెద్ద దేవదారు చెట్ల కింద చెక్కలు పరిచిన నడక దారి ఉంది, చదునుగా ఉంటుంది, మీ ఆవిడకి మోకాళ్ల నొప్పి అన్నారు కదా, హాయిగా నడవగలరు. మెక్‌డొనాల్డ్ సరస్సు ఒడ్డునే రోడ్డు పోతుంది, పది మైళ్ల పొడుగు సరస్సు, అడుగున రంగు రంగుల గులకరాళ్లు, నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే మన గోదారి ఎర్రనీళ్లు చూసిన కళ్లకి అసలవి నీళ్లేనా అనిపించింది. ఆ ఒడ్డున కూర్చుని పులిహోర తిన్నాం. తిన్నాక గిన్నెలూ ఆవకాయ డబ్బా అన్నీ వెంటనే కార్లో పెట్టి తలుపులు వేసెయ్యాలి, ఎలుగుబంట్ల కోసం. ఈ విషయంలో వాళ్లు చాలా గట్టిగా ఉంటారు. ఇంకోటి, గేటు మూసి ఉన్నా మంచు తీసేవాళ్లు పని చెయ్యని చోట నడిచేవాళ్లనీ సైకిళ్లనీ కొంత దూరం పోనిస్తారు. కార్లు లేని ఆ రోడ్డు మీద సైకిళ్లు తొక్కుతున్న ముసలి దంపతుల్ని చూస్తే కుళ్లు పుట్టింది.

రెండో రాత్రి బసకి మాత్రం చుట్టూ తిరిగి పోవాల్సి వచ్చింది. పార్కు దక్షిణం అంచున యు.ఎస్. 2 హైవే మేరియాస్ పాస్ మీదుగా పోతుంది, 5,213 అడుగులే, ఏడాది పొడుగునా తెరిచే ఉంటుంది. పక్కనే రైలు పట్టాలు. రెండు గంటలకు పైనే పట్టింది, దారి బాగానే ఉంది కానీ కారులో ఎవరూ మాట్లాడలేదు. మీరు కూడా రెండు వైపులా చూడాలనుకుంటే ఆ దారి లెక్కలోనే ప్లాన్ వేసుకోండి.

ఇప్పుడు మీ అబ్బాయి ఆర్‌వీ సంగతి. రోడ్డు తెరిచి ఉన్నా సరే, దాన్ని పైకి రానివ్వరు. అవలాంచ్ క్రీక్ నుంచి తూర్పున సన్ పాయింట్ దాకా 21 అడుగుల కంటే పొడుగు, అద్దాలతో కలిపి 8 అడుగుల కంటే వెడల్పు ఉన్న బండి ఏదైనా నిషేధం. ఎత్తు పది అడుగులు దాటితే కొండరాళ్లు బండి పైకి వంగి ఉన్న చోట్ల ఇబ్బంది. అద్దెకిచ్చేవాళ్లు ఇది చెప్పరు, మీరే అడగాలి. నా మాట వింటే మామూలు కారు చాలు. అలాగే కార్లకి ముందుగా టైం బుక్ చేసుకునే పద్ధతి ఒకటి పెట్టారు, దాన్ని ఏటా మారుస్తూ వచ్చారు, మేం వెళ్లినప్పటి రూలు మీకు చెప్పి లాభం లేదు. అబ్బాయిని పార్కు వాళ్ల సైట్లోనే చూడమనండి. ఏ రోడ్డు ఎక్కడి దాకా తెరిచారో కూడా అక్కడే ఏ రోజుకారోజు పెడతారు. ఫోన్లో మ్యాప్ చూపించే దారిని పట్టుకుని బయలుదేరకండి.

మీ ప్రశ్న కింద ఇంకొకరు, ఎత్తు తక్కువ ఉన్న రోడ్డు ముందు తెరుస్తారు కదా అని రాశారు. నేనూ అలాగే అనుకునేదాన్ని. తర్వాత ఇంకోసారి డెన్వర్‌లో మా మేనల్లుడి దగ్గరికి వెళ్లినప్పుడు అది తప్పని తెలిసింది. అక్కడ రాకీ మౌంటెన్ పార్కులో ట్రెయిల్ రిడ్జ్ రోడ్ 12,183 అడుగుల దాకా ఎక్కుతుంది, లోగన్ పాస్‌కి దాదాపు రెట్టింపు, అయినా మామూలుగా మే నెలాఖరుకే తెరిచేస్తారు. ఎందుకంటే అది చాలా దూరం కొండ నెత్తి మీద పోతుంది, గాలికి మంచు ఎగిరిపోతుంది, పై నుంచి జారిపడే చరియలు అంతగా లేవు. గ్లేసియర్‌లో రోడ్డు కొండ డొక్కలో ఉంది. అడుగుల లెక్క కన్నా రోడ్డు ఎక్కడ వేశారన్నదే ముఖ్యం. మన మారేడుమిల్లి ఘాట్ చూడండి, ఎత్తెంతని, అయినా భారీ వానలకి కొండచరియల భయంతో రాత్రిళ్లు బండ్లు ఆపేస్తుంటారు. కాలిఫోర్నియాలో యోసెమిటీలో ఉన్న టయోగా రోడ్ అయితే మరీ అన్యాయం, కొన్నేళ్లు మేలోనే తెరుస్తారు, 2023లో మంచు ఎంత పడిందంటే జూలై 22కి గానీ తెరవలేకపోయారు.

డెన్వర్ వైపు వెళ్తే ఒక జాగ్రత్త. మనం సముద్రమట్టానికి నాలుగు మెట్లు పైన పుట్టి పెరిగినవాళ్లం. ఆ రోడ్డు మీద 11,796 అడుగుల దగ్గర ఉన్న సందర్శకుల కేంద్రంలో దిగి పది మెట్లు ఎక్కేసరికి నాకు తల తిరిగింది, ఆయాసం వచ్చేసింది. బీపీ ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగి వెళ్లండి, నీళ్లు తాగుతూ ఉండండి, పైన ఎక్కువసేపు ఉండకండి.

మీరు ఉండేది సియాటిల్ కాబట్టి, జూన్ మొదటి వారంలో అంత దూరం పోనక్కర్లేదనేది నా సలహా. రెండు మూడు గంటల్లో మౌంట్ రెయినియర్ ఉంది. అక్కడ పారడైజ్ అనే చోటికి, 5,400 అడుగులు, ఆ సమయంలో రోడ్డు ఉంటుంది, జూన్‌లో కూడా మనిషెత్తు మంచు గోడలు పక్కన కనిపించొచ్చు. అదే కొండకి ఇంకో వైపున సన్‌రైజ్ అని ఉంది, అది మాత్రం జూన్ చివరికో జూలైకో గానీ తెరవరు, పేర్లు కలిపేసుకోకండి. నార్త్ కాస్కేడ్స్ హైవే కూడా చలికాలమంతా మూసేసి ఏప్రిల్, మే నెలల్లో తెరుస్తారు, దాని మీద డయాబ్లో సరస్సు పచ్చటి నీళ్లు చూడండి, ఏ రంగో చెప్పడం నా వల్ల కాదు. గ్లేసియరే చూడాలంటే, మీరు ఆగస్టు దాకా ఉంటారు కదా, జూలై మూడో వారం తర్వాత పెట్టుకోండి. మళ్లీ అక్టోబర్ వచ్చిందంటే మూతే.

మేం మళ్లీ వెళ్లలేదండి. ఆ ఏడు జూలై 13న లోగన్ పాస్ తెరిచారు. పొద్దున్నే అల్లుడు ఫోన్లో చూపించాడు, ఈ శనివారం వెళ్దామా అత్తయ్యా అని. సరిగ్గా ఆ వారమే ఇక్కడ గోదారి వచ్చింది, మీకు గుర్తుండే ఉంటుంది, భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. మా ఆడపడుచు వాళ్లది లంక. కాజ్‌వే మునిగింది, పడవ మీద తప్ప రాకపోకలు లేవు, గొడ్లని గట్టెక్కించామని మరిది ఫోన్, మాట మధ్యలో కట్. అక్కడ అర్ధరాత్రి దాటినా మా ఆయన ధవళేశ్వరం దగ్గర ఎన్ని అడుగులుందో చూస్తూ కూర్చునేవారు. కొండ రోడ్డు మాట ఇక ఎవరమూ ఎత్తలేదు.

మీ అబ్బాయి ఇప్పటికే బస బుక్ చేసి ఉంటే, రద్దు చేసుకోవడానికి గడువు ఎప్పటిదాకా ఉందో ఇవాళే చూడమనండి. ఆర్‌వీది కూడా.