గద్ద పక్కకు వచ్చినప్పుడు

చిరంజీవి అమ్మలుకు మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. గ్లైడర్ పైలట్లకిచ్చే సిల్వర్ బ్యాడ్జ్ కోసం, ఇంజిన్ లేని ఆ విమానంలో 50 కిలోమీటర్లు ఒక్కదానివే ఎగిరి వచ్చినందుకు చాలా సంతోషం. దారిలో ఒక గద్ద నీ రెక్క చివరకు వచ్చి, తల తిప్పి నీ వైపే చూసిందని రాశావు. మెడ మీది ఈకల రంగు దగ్గర్నుంచి గోళ్ల దాకా అన్నీ రాశావు. ఆ రెండు నిమిషాలూ నీ స్పీడు ఎంతుందో మాత్రం ఎక్కడా లేదు. నాకు టెన్షన్ పుట్టింది అక్కడే.

తిడుతున్నానని అనుకోకు. ఆ తప్పు నేనూ చేశాను. సోలో మొదలుపెట్టిన రెండో ఏడు, ఒక థర్మల్‌లో (పైకి లేచే వేడిగాలిలో) తిరుగుతుంటే నా కింద నుంచి గద్ద ఒకటి వచ్చి, చూస్తుండగానే నన్ను దాటి పైకి పోయింది. రోషం వచ్చింది. దాని చుట్టులోకి దూరాలని మలుపు బిగించాను. చూపంతా దాని తోక మీదే. ముక్కు ఎప్పుడు పైకి లేచిందో, స్పీడు ఎప్పుడు పడిపోయిందో చూసుకోలేదు. గ్లైడర్ ఒకసారి వణికి, లోపలి రెక్క జారిపోయింది. స్పిన్! అంటే గిరగిరా తిరుగుతూ కిందికి పడిపోవడం. ఎదురు రడ్డర్ (తోకను తిప్పే పెడల్), స్టిక్ (ముక్కును దించే చేతికర్ర) ముందుకు అని మా గురువు వందసార్లు చేయించాడు కాబట్టి చేతులు వాటంతటవే పని చేశాయి. కింద ఎత్తు ఉంది కాబట్టి బతికిపోయాను. గద్ద మాత్రం అక్కడే తిరుగుతూ ఉంది.

దిగాక లెక్క వేసి చూశాను. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో, 45 డిగ్రీల బ్యాంక్‌తో (రెక్క వాల్చి) తిరిగితే మన చుట్టు వ్యాసార్థం 65 మీటర్ల దాకా ఉంటుంది. గద్ద అందులో సగం వేగంతో, 25 మీటర్లలో హాయిగా తిరుగుతుంది. థర్మల్ నడిమధ్యన గాలి అన్నిటికంటే జోరుగా లేస్తుంది. అది అక్కడ కూర్చుంటుంది, మనం అంచు పట్టుకుని తిరుగుతాం. తిన్నగా పోయే పోటీలో దాన్ని మనం సులువుగా ఓడిస్తాం. ఒక మీటరు దిగేలోపు 40 మీటర్లు ముందుకు పోయే గ్లైడర్‌కు అది సాటి రాదు. కానీ ఇరుకు సుడిలో దానితో పోటీ వద్దు. చుట్టు మధ్య ఎక్కడుందో దాన్ని చూసి తెలుసుకో. నీ చుట్టు నీ స్పీడుతో నువ్వు తిరుగు.

గద్ద తిరుగుతున్న ప్రతిచోటుకూ పరుగెత్తకు. ముందు రెండు చుట్లు గమనించు. వెనకున్న కొండతోనో మబ్బుతోనో పోల్చి చూస్తే అది లేస్తోందో, ఊరికే తిరుగుతోందో తెలుస్తుంది. వేట కోసం నేల మీద కన్నేసి ఒకే ఎత్తులో తిరిగే గద్దను నమ్మి పోయి పొలంలో దిగినవాళ్లున్నారు. (వాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ కథ ఇంకోసారి.) రెక్కలు కొడుతుంటే మాత్రం అటు పోనే వద్దు. బరువైన పక్షికి రెక్క కొట్టడం చాలా ఖరీదైన పని. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కాండోర్ల మీద పరికరాలు కట్టి చేసిన పరిశోధన 2020లో వచ్చింది. అవి గాలిలో ఉన్న సమయంలో రెక్కలు కొట్టింది ఒక్క శాతం. ఒక కాండోర్ ఐదు గంటలకు పైగా, 172 కిలోమీటర్లు, ఒక్కసారి కూడా రెక్క కొట్టకుండా పోయింది. అలాంటి జాతి పక్షి రెక్కలు కొడుతోందంటే అక్కడ దానికే గాలి దొరకడం లేదన్నమాట.

సరే, లేస్తున్న గద్దే దొరికింది. అది ఎటు తిరుగుతుంటే నువ్వూ అటే తిరుగు. ఇంకో గ్లైడర్ ఉన్న థర్మల్‌లోకి వెళ్లేటప్పుడు పాటించే పద్ధతే ఇక్కడా. బయట నుంచి, నెమ్మదిగా చేరు. ఎదురుగా వస్తే దాని కింద నుంచి దూరిపోదామనుకోకు. బెదిరిన పక్షి చాలాసార్లు రెక్కలు ముడిచి కిందికే పడుతుంది. వీలైతే నువ్వు పైన ఉండు, లేదా పక్కకు తప్పుకో. దాన్ని చూడటం ఒక్క చూపు, అంతే. తర్వాత స్పీడు, తర్వాత మిగతా ఆకాశం. మంచి థర్మల్‌కు గద్ద ఒక్కటే రాదు, దాన్ని చూసి ఇంకో ఇద్దరు పైలట్లు కూడా వస్తుంటారు. వాళ్ల కళ్లూ దాని మీదే ఉంటాయి. నాకు గద్ద కంటే వాళ్లంటేనే ఎక్కువ భయం.

నిన్ను చూసి గద్ద ఏం చేస్తుందన్నది అసలు సంగతి. చాలాసార్లు ఏమీ చేయదు. కాసేపు పక్కన తిరిగి పోతుంది. రాబందులైతే మరీ సాధువులు, గుంపులో ఇంకోటి చేరిందన్నట్టు చూస్తాయి. కానీ గూడు కట్టే కాలంలో, తన ఇలాకాలో ఉన్న గద్ద వేరు. ఆల్ప్స్ కొండల్లో ఉండే బంగారు గద్ద రెక్కలు ముడిచి కిందికి దూకి, మళ్లీ పైకి లేచి, మళ్లీ దూకుతూ కెరటంలా ఎగురుతుంది. చూడటానికి ఆటలా ఉంటుంది కానీ, చాలాసార్లు అది ‘ఇది నా జాగా, వెళ్లిపో’ అని చెప్పడం. ఫోటో కోసం ఆగకు. కొండగోడకు దూరంగా జరిగిపో. ఆ రాతిగోడలో గూడు ఉండొచ్చు. గుడ్లు పొదగడానికి దానికి దాదాపు 45 రోజులు పడుతుంది. నీ మూలంగా తల్లి గూడు వదిలి లేస్తే ఆ కాసేపట్లో గుడ్లు చల్లబడతాయి. కొండవాలు పట్టుకుని పదేపదే అటూ ఇటూ తిరగడం మనకు సరదా, దానికి నరకం.

ఆస్ట్రేలియాకు వెళ్లే అవకాశం వస్తే ఇంకాస్త జాగ్రత్త. అక్కడి వెడ్జ్ టెయిల్ గద్ద రెక్కలు చాపితే రెండు మీటర్లు దాటుతుంది. గ్లైడర్లనూ, తాళ్లకు వేలాడుతూ గుడ్డ రెక్కతో ఎగిరే పారాగ్లైడర్లనూ కొట్టడంలో దానికి పేరుంది. 2007లో న్యూ సౌత్ వేల్స్‌లోని మనిల్లా దగ్గర ఒక పారాగ్లైడర్ పైలట్ మీద రెండు గద్దలు పడ్డాయి. ఒకటి తాళ్లలో చిక్కుకుంది కూడా. ఆవిడ క్షేమంగా దిగింది. పారాగ్లైడర్ మన కంటే చాలా నెమ్మది, తప్పించుకోలేదు. నీకు ఆ ఇబ్బంది లేదు. పైన, వెనక నుంచి, కాళ్లు కిందికి వేలాడేసుకుని వస్తోందంటే ఇక ఆలోచించకు. మంచి థర్మల్ కదా అని చూడకుండా మలుపు విప్పి, ముక్కు దించి, తిన్నగా వెళ్లిపో. స్పీడోమీటర్ మీది వేగ పరిమితి గీతలు మాత్రం మరచిపోకు, గాలి కుదుపుగా ఉంటే ఇంకా జాగ్రత్త.

ఒకవేళ తగిలిందే అనుకో. నాలుగైదు కిలోల పక్షి ఆ వేగంతో కొడితే కానపీ (కాక్‌పిట్ మీది అద్దపు మూత) పగలొచ్చు, రెక్క ముందంచు చీలొచ్చు. ఎక్కడ తగిలిందా అని మెడ తిప్పి వెతకడం తర్వాతి పని. మొదట గ్లైడర్‌ను తిన్నగా నడుపు. స్టిక్, రడ్డర్ నాలుగు వైపులా ఆడుతున్నాయా చూడు. ముక్కు దగ్గర తగిలితే స్పీడోమీటర్ అబద్ధం చెప్పొచ్చు, అప్పుడు గాలి చప్పుడూ ముక్కు వాటమూ నీకు దిక్కు. ఎత్తు ఉండగానే కొంచెం కొంచెంగా స్పీడు తగ్గించి, ఎక్కడ వణుకు మొదలవుతుందో చూసుకో. దిగేటప్పుడు ఆ స్పీడుకు బాగా పైన ఉండు. దిగడానికి వచ్చే నీ మామూలు అప్రోచ్ స్పీడు ఆ రోజు పనికిరాకపోవచ్చు. గ్లైడర్ మాట వినకపోతే నీ వీపున పారాచూట్ ఉంది, ఎత్తు ఉండగానే నిర్ణయం తీసుకో. కళ్లద్దాలు లేకుండా ఎక్కకు. పగిలిన కానపీలోంచి కొట్టే గాలికి కళ్లు తెరవలేవు.

ఇంతా చదివి గద్దలకు భయపడతావేమో, వద్దు. వేరియోమీటర్ (లేస్తున్నామో దిగుతున్నామో చూపే మీటర్) చెప్పేది నువ్వు ఉన్నచోటి గాలి సంగతి. అరకిలోమీటరు అవతల గాలి లేస్తోందని ముందే చూపించేది ఆ పక్షే.

నీ లాగర్ (ప్రయాణాన్ని నమోదు చేసే పరికరం) ఫైల్ పంపు. గద్ద నీ పక్కనున్న ఆ రెండు నిమిషాల్లో స్పీడు ఎంత పడిందో చూస్తాను. అది కుడికి తిరిగిందా, ఎడమకు తిరిగిందా అన్నది కూడా రాయలేదు నువ్వు. గుర్తుంటే రాయి.

మీ మావయ్య