ముందు నాలుగు కుర్చీలు వెయ్యి

చిరంజీవికి ఆశీస్సులు.

వీధి బాగుచేద్దామని నువ్వు పంపిన ప్లాను చూశాను. ఫౌంటెన్, ఆర్చి, రంగుల దీపాలు... బొమ్మ బాగానే గీశావు. దాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టు. ఆ ఖాళీ జాగా దగ్గర పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు ఊరికే కూర్చో. నీడ ఏ మూలకి ఎప్పుడొస్తుందో, పెద్దవాళ్లు సంచులు దించి ఎక్కడ ఆయాసం తీర్చుకుంటున్నారో, పిల్లలు ఎక్కడ రోడ్డు దాటడానికి జంకుతున్నారో రాసుకో.

1970ల్లో విలియం వైట్ అనే ఆయన న్యూయార్క్‌లో చేసింది ఇదే. కెమెరాలు పెట్టి మరీ జనాన్ని గమనించాడు. తేలింది చాలా మామూలు సంగతి: కూర్చోడానికి చోటున్న దగ్గరే జనం కూర్చుంటారు. ఇంకో తమాషా కూడా ఆయన కంటపడింది. కదిపే కుర్చీ అయితే చాలామంది దాన్ని జానెడు అటో ఇటో జరిపి గానీ కూర్చోరు, జరిపినందువల్ల ఒరిగేదేమీ లేకపోయినా! ఆ కాసేపూ అది తనదనిపించడానికి ఆ మాత్రం చాలు. అందుకే నేలకి బిగించిన సిమెంటు బెంచీలకన్నా తేలికపాటి కుర్చీలే మేలంటాను. ఒకటో రెండో పోతాయి, పోనీ.

2009లో అదే న్యూయార్క్‌లో టైమ్స్ స్క్వేర్ దగ్గర కార్లు ఆపేసినప్పుడు మొదట వేసినవి చవక మడత కుర్చీలే. ప్రయోగమని చెప్పే మొదలుపెట్టారు, మరుసటి ఏడాది ఖాయం చేశారు. కొలంబియా రాజధాని బొగోటాలో 1974 నుంచి ఆదివారాలు పెద్దపెద్ద రోడ్లని సైకిళ్లకీ నడిచేవాళ్లకీ వదిలేస్తున్నారు. మధ్యాహ్నం రెండు దాటాక మళ్లీ కార్లవే. కాబట్టి నువ్వు కూడా "ఒక్క ఆదివారం, ఒక్క పూట" అని అడుగు. శాశ్వతంగా మూసేస్తారన్న భయం పోతే కార్లున్నవాళ్లూ అంతగా అడ్డుపడరు. అంబులెన్సు వస్తే చేత్తో లాగేయగలిగిన అడ్డాలే పెట్టు. మునిసిపాలిటీ, పోలీసుల అనుమతి కాగితం మీద ఉండాలి, నోటిమాట నమ్ముకోకు.

మొక్కల విషయంలో నాకు కాస్త చాదస్తం. ఇంగ్లాండులో టాడ్‌మోర్డెన్ అనే ఊళ్లో 2008 నుంచి పోలీస్ స్టేషన్ ముందుతో సహా దొరికిన చోటల్లా కూరగాయలు పెంచుతున్నారు, ఎవరైనా కోసుకోవచ్చు. వినడానికి ఎంతో బావుంటుంది. కానీ నాటేరోజు ఫొటోకి అందరూ వస్తారు నాయనా, ఎండాకాలం బకెట్టు పట్టుకునేవాళ్లే కరువు. ఏ వారం ఎవరి వంతో పేర్లు రాయించుకున్నాకే గుంట తవ్వు.

రాత్రిళ్లు కుర్చీలు ఎవరింట్లో పెడతారో తేలాక రాయి. దరఖాస్తు చిత్తుప్రతి కూడా పంపు, నేనొకసారి చూస్తాను.